మైకు సిస్టరూ, బ్రేకు బావగారూ

ఆ ఆసుపత్రిలో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తుండేది కాదు. అందరికీ మైకు సిస్టరే. గుండె జబ్బుల విభాగంలో ఆమె మామూలుగా మాట్లాడితే, గోడకవతల ఎముకల విభాగంలో కునుకు తీస్తున్నవాళ్లు ఉలిక్కిపడి లేచేవారు. ఇక గుసగుసగా ఏమైనా చెప్పిందంటే ఆ రహస్యం మెట్లు దిగి క్యాంటీను దాకా వెళ్లిపోయేది.

ఆ గొంతుకు ఆమె ఏం చేస్తుంది పాపం! పుట్టింటివాళ్లది పిండిమర. ఇల్లూ మరా ఒకే కప్పు కింద. పొద్దున్నే బెల్టు తిరగడం మొదలయ్యాక మళ్లీ సాయంత్రం ఆగేదాకా ఆ ఇంట్లో ఆకలన్నా, దాహమన్నా కేక పెట్టి చెప్పుకోవాల్సిందే. తండ్రికి అప్పటికే సగం చెవుడు. ఆ రొదలో అక్కాచెల్లెళ్లిద్దరూ చెరొక దారి పట్టారు. అక్క నోరు మెదపకుండా కళ్లతో, చేతులతో పని జరుపుకోవడం నేర్చుకుంది. చెల్లెలు మరను మించి అరవడం నేర్చుకుంది.

నర్సింగు చదివే రోజుల్లో మేట్రనమ్మ ఆమెను గదిలోకి పిలిచి అడిగింది.

"అమ్మాయ్, నువ్వు పేషెంట్లకి ధైర్యం చెబుతున్నావా, బెదిరిస్తున్నావా?"

"ధైర్యమే చెబుతున్నానండీ!" అంది వినయంగానే. బల్ల మీది గాజుగ్లాసు గలగలలాడింది.

పెళ్లి కూడా ఆ గొంతు పుణ్యమే. ఉద్యోగంలో చేరిన కొత్తలో చేతిగడియారం ఆగిపోతే బాగుచేయించుకుందామని ఒక దుకాణానికి వెళ్లింది. లోపల ఒక సన్నపాటి మనిషి కంటికి భూతద్దం పెట్టుకుని ఏదో గడియారం విప్పుకుని కూర్చున్నాడు. "ఇది ఆగిపోయిందండీ!" అంది. ఆయన చేతిలోని ఆవగింజంత స్క్రూ కాస్తా ఎగిరి ఎక్కడో పడింది. ఇద్దరూ నేలమీద బోర్లా పడి దాన్ని వెతికారు. స్క్రూ దొరకలేదు గానీ సంబంధం కుదిరింది. గడియారాల చప్పుడు తప్ప మరో చప్పుడు ఎరగని ఆ మనిషికి ఆమె మాట వింటే ఇంట్లో పదిమంది ఉన్నట్టు నిండుగా ఉండేదట. తనే చెప్పేవాడు, అదీ ఎవరూ లేనప్పుడు, మెల్లగా.

గుండె విభాగంలో ఆమె పనిచేసేది లోపలి గదిలో. గుండెపోటు వచ్చినవాళ్లను అక్కడి బల్ల మీద పడుకోబెట్టి, మణికట్టు దగ్గర నరంలోంచి సన్నటి తీగ పంపి, మూసుకుపోయిన రక్తనాళాన్ని బుల్లి బెలూనుతో తెరిచి, మళ్లీ మూసుకోకుండా స్టెంటు పెడతారు. ఎంత తొందరగా తెరిస్తే గుండె అంత దక్కుతుంది. అందుకే ఆ గదిలో అందరికీ కాళ్లకు చక్రాలున్నట్టే ఉంటుంది. అందులో ఆమె ఏళ్ల తరబడి పనిచేసింది. చేతులు పువ్వును తాకినంత సున్నితం, నోరు మాత్రం నగారా.

అలాంటి గది ఉన్నట్టుండి ఖాళీ అయిపోయింది. ఊళ్లోకి ఆ అంటురోగం వచ్చిపడింది. వీధులు మూతపడ్డాయి. కింది అంతస్తులన్నీ దగ్గులతో, జ్వరాలతో నిండిపోయాయి. పైన గుండె విభాగంలో మాత్రం మంచాల మీద దుప్పట్లు మడత నలగకుండా ఉన్నాయి. పెద్ద డాక్టరు వరండాలో అటూ ఇటూ తిరుగుతూ గొణుక్కునేవాడు.

"నాకు అర్థం కావట్లేదు సిస్టర్. ఊళ్లో గుండెపోట్లన్నీ ఎక్కడికి పోయాయి? జనమంతా ఒక్కసారిగా ఆరోగ్యవంతులైపోయారా?"

"ఎక్కడికీ పోలేదు సార్. ఇళ్లల్లోనే ఉన్నాయి. ఆసుపత్రి గడప తొక్కితే ఆ రోగం అంటుకుంటుందని నొప్పి పళ్లబిగువున భరిస్తున్నారు."

ఆ మాట నిజమే. అడపాదడపా వచ్చేవాళ్లు కూడా నొప్పి మొదలైన మర్నాడో, ఆ మర్నాడో వచ్చేవారు. అప్పటికి గుండెలో పావు భాగమో, సగమో చచ్చిపోయి ఉండేది. చేసేదేముంది? పెద్ద డాక్టరు చేతులు కడుక్కుని కిటికీ దగ్గర నిలబడిపోయేవాడు.

వచ్చినవాళ్లకు వైద్యం చేయడం కూడా మునుపటిలా లేదు. ఎవరికి ఆ అంటురోగముందో ఎవరికి లేదో పరీక్ష ఫలితం వచ్చేదాకా తెలియదు. అందాకా గుండె ఓపిక పట్టదు. అందుకని ప్రతి రోగికీ రోగమున్నట్టే లెక్కగట్టి, లోపలి గదిలో అందరూ తల నుంచి కాలి దాకా తెల్లటి సూట్లు, రెండు మాస్కులు, కళ్లద్దాలు, ఆపైన ముఖానికి అద్దాల తెర వేసుకుని పనిచేయాలన్నారు. లోపల చెమట ధారలు కట్టేది. కళ్లద్దాలకు ఆవిరి పట్టేది. అన్నిటికంటే పెద్ద చిక్కు, ఒకరి మాట ఒకరికి వినపడకపోవడం. తొలి రోజుల్లో ఒకసారి పెద్ద డాక్టరు "బెలూన్" అంటే ఎవరో సెలైను సీసా తెచ్చి చేతిలో పెట్టారు. "బెలూన్, బెలూన్" అని ఆయన గింజుకుంటే ఇంకో సీసా వచ్చింది. అప్పుడు గది మూల నుంచి ఒక కేక లేచింది.

"సారుకి కావలసింది బెలూనూ! సెలైన్ కాదు! పక్కన పెట్టండి ఆ సీసాలు!"

రెండు మాస్కులూ, అద్దాల తెరా కలిసి కూడా ఆ గొంతును ఆపలేకపోయాయి. ఆనాటి నుంచి ఆమెకు కొత్త పని పడింది. పెద్ద డాక్టరు పక్కనే నిలబడి, ఆయన గొణిగిన ప్రతి మాటనూ చెవి ఒగ్గి విని గదంతటికీ వినిపించాలి. జీవితమంతా "కాస్త మెల్లగా" అనిపించుకున్న మనిషిని "ఇంకొంచెం గట్టిగా సిస్టర్" అని బతిమాలుతుంటే ఆమెకు లోపల్లోపల నవ్వు ఆగేది కాదు.

జనాన్ని ఇళ్లలోంచి కదిలించే ఉపాయం కూడా ఆ గొంతులోంచే పుట్టింది. వీధి వీధికీ తిరిగే పురపాలక సంఘం చెత్తబండ్లకు మైకులున్నాయి. పెద్ద డాక్టరు సంబంధిత అధికారితో మాట్లాడి ఒప్పించాడు. ఆమె తన ఫోనులో ఇలా చెప్పి రికార్డు చేసి పంపింది: "ఛాతీలో బరువా? చెమటలా? ఎడమ చెయ్యి లాగుతోందా? గ్యాసనుకుని ఇంట్లో కూర్చోకండి! గుండె కోసం ఆసుపత్రిలో వేరే దారి పెట్టాం, వేరే గది పెట్టాం! వెంటనే రండి!" మర్నాటి నుంచి ఊరంతా తడిచెత్త, పొడిచెత్త ప్రకటనల మధ్యలో ఆమె గొంతు మోగడం మొదలైంది.

"ఇంట్లో సరిపోవడం లేదనా, వీధిలో కూడా!" అన్నాడు భర్త, గడియారం ముల్లు సరిచేసుకుంటూ. అని, బండి తమ వీధిలోకి వచ్చినప్పుడల్లా గుమ్మంలోకి వెళ్లి పూర్తిగా విని వచ్చేవాడు.

అందరికంటే ఎక్కువ సంబరపడింది అక్క మొగుడు. ఆయన డ్రైవింగు స్కూలు నడుపుతాడు. ఊళ్లో స్టీరింగు పట్టిన సగం మందికి ఆయనే గురువు. మనిషి హాస్యగాడు. కొత్తగా నేర్చుకునేవాళ్లు బండిని గోడకేసి తోలుతున్నా చెమట పట్టని నిబ్బరం. ఎందుకంటే నేర్పే బండిలో ఆయన కూర్చునే వైపు కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఆయన కాలు ఎప్పుడూ దాని మీదే. లాక్‌డౌనులో స్కూలు మూసేశాక ఆ కాలికి పని లేక ఇంట్లో సోఫాలో కూర్చుని నేల తొక్కుతున్నాడని అక్క చెప్పింది.

"ఏం మరదలా, పొద్దున్నే మా చెత్త తీసుకెళ్లడానికి వచ్చావట, పలకరించకుండా వెళ్లిపోయావే?" అని రోజూ ఫోను చేసి ఏడిపించేవాడు.

"మీరు బుట్టలో కూర్చుని ఉంటే మిమ్మల్నీ తీసుకెళ్లేదాన్ని బావగారూ!" అనేది.

అలా ఉండగా ఒకనాడు ఆమె డ్యూటీలో ఉన్నప్పుడు అక్క ఫోను చేసింది. అక్క తనంతట తాను ఫోను చేయడమే వింత.

"చిట్టీ, మీ బావగారు పొద్దుట నుంచి అదోలా ఉన్నారే. గ్యాసంటున్నారు. సోడా తాగారు. ఇందాక చెత్తబండిలో నువ్వు చెమటలూ, చెయ్యీ అంటుంటే ఆయన వంక చూశాను. చొక్కా పిండితే నీళ్లు కారేలా ఉంది."

"ఫోను ఆయనకివ్వు."

"ఏం మరదలా..." అన్నాడు బావగారు.

"నొప్పి ఎక్కడ బావగారూ?"

"నొప్పి కాదు. బరువు. ఎవరో ఛాతీ మీద ఎక్కి కూర్చున్నట్టుంది."

"ఎవరు, మా అక్కా?"

కావాలనే అంది. మామూలప్పుడైతే ఒకటికి రెండు అంటించే మనిషి. ఈసారి అటునుంచి ఊపిరి చప్పుడు తప్ప ఏమీ రాలేదు. ఆమె పెద్ద డాక్టరును రమ్మని చేత్తో సైగ చేసింది.

"బావగారూ, ఇప్పుడే బయల్దేరి రండి."

"రాను. గుండెతో పోకపోతే అక్కడ ఆ రోగంతో పోతాను. ఇంట్లోనే తగ్గుతుంది."

"ఆ రోగానికి మా దగ్గర మాస్కుంది, సూటుంది. దీనికి మీ ఇంట్లో ఏముంది? సోడా! లేవండి!"

పెద్ద డాక్టరు అప్పటికే పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఆయన చెప్పినట్టు అక్క ఇంట్లో ఉన్న ఆస్పిరిన్ మాత్ర ఒకటి బావగారి చేత నమిలించింది. అంబులెన్సుకు ఫోను చేస్తే బండ్లన్నీ జ్వరాల మీద తిరుగుతున్నాయి, ఎప్పుడొస్తాయో చెప్పలేమన్నారు. ఇరుగుపొరుగు తలుపులు తీసేలా లేరు. అక్క వైపు నుంచి బండి తాళాల చప్పుడు వినిపించింది. తర్వాత అంది.

"నేను తీసుకొస్తాను."

చెల్లెలు ఫోను వంక అలాగే చూసింది. పెళ్లయిన కొత్తలో బావగారు అక్కకు బండి నేర్పబోయాడు. నాలుగు పాఠాలకే "క్లచ్చు, క్లచ్చు" అని ఆయన చంపుకు తింటుంటే, ఆవిడ నడిరోడ్డు మీద బండి ఆపి దిగి, బస్సెక్కి ఇంటికి వెళ్లిపోయింది. మళ్లీ స్టీరింగు ముట్టుకున్న పాపాన పోలేదు.

"ఫోను పెట్టెయ్యకు, నాతో మాట్లాడుతూనే రా," అంది.

తర్వాత జరిగినదంతా ఆమె చెవులతోనే చూసింది. బండి మూలిగింది. ఎగిరింది. ఆగింది. "క్లచ్చు... మెల్లగా... క్లచ్చు వదులు," అంటున్నాడు బావగారు ఆయాసపడుతూ. "మీరు మాట్లాడకండీ!" అంటోంది అక్క. మళ్లీ కదిలింది. రోడ్డు మీద పురుగు లేదు. అయినా కొంత దూరం పోవడం, కీచుమని ఆగిపోవడం.

"చిట్టీ, బండి ఆగిపోతోందే! నేను బ్రేకు తొక్కట్లేదు, ఒట్టు!"

ఆమెకు చటుక్కున వెలిగింది.

"బావగారూ! కాలు తియ్యండి!"

"సిగ్నలు ఎర్రగా ఉంది మరదలా..."

"కాలు తియ్యమంటుంటే!"

పెద్ద డాక్టరు ఫోను మీదికి వంగాడు. "సార్, నేను డాక్టర్ని. సిగ్నళ్ల సంగతి నేను చూసుకుంటాను. మీరు కాళ్లు రెండూ పైకి తీసి సీటు మీద బాసింపట్టు వేసుక్కూర్చోండి."

బావగారు డాక్టరు మాట కాదనలేక కాళ్లు పైకి లాక్కున్నాడు. బండి ఒక్క ఊపున ముందుకు పోయింది. కూడలిలో ఎవరో ఈల వేసి ఆపబోయారు. అప్పుడు ఫోనులోంచి ఒక కేక వినబడింది. "గుండెపోటండీ! తప్పుకోండీ!" అది ఎవరి గొంతో ఆమెకు ముందు తెలియలేదు. పిండిమర బెల్టు జోరుగా తిరుగుతున్నప్పుడు కూడా వినిపించే గొంతు. అక్కది. ఇన్నేళ్లూ ఎక్కడ దాచుకుందో!

ఆసుపత్రి గుండె దారి దగ్గర గుడారంలో సిద్ధంగా ఉన్నవాళ్లు బండి తలుపు తీస్తే, ముందు సీటులో చెమటతో తడిసి ముద్దయిన మనిషి బాసింపట్టు వేసుకుని కళ్లు మూసుకుని కూర్చుని ఉన్నాడు. బండి నెత్తిన "నేర్చుకుంటున్నాను" అన్న గుర్తుగా పెద్ద ఎల్ బోర్డు. అదే భంగిమలో ఆయన్ని ఎత్తి చక్రాల మంచం మీద పెట్టారు. ఈసీజీ కాగితం చూడగానే పెద్ద డాక్టరు ముఖం బిగుసుకుంది.

"పెద్దదే. పరీక్ష ఫలితం కోసం కూర్చుంటే గుండె కూర్చోదు. రోగముందనే అనుకుని చేసేద్దాం. సిస్టర్, ఈయన మీ మనిషి. నువ్వు బయటుంటావా?"

"నేను బయటుంటే మీ మాట ఎవరికి వినపడుతుంది సార్?" అని ఆమె సూటులోకి కాళ్లు దూర్చింది.

బల్ల మీద పడుకున్న బావగారికి చుట్టూ తెల్లటి బొమ్మలు తప్ప మనిషి ముఖం ఒక్కటీ కనబడలేదు. ఆయన కళ్లు బెదురు బెదురుగా తిరిగాయి.

"ఎవరు మీరంతా? ఎక్కడికి తెచ్చారు నన్ను?"

"బావగారూ, నేనే! కదలకుండా పడుకోండి!"

ఆయన మెడ వాల్చేశాడు. "అమ్మయ్య. ఇది మన వీధిలాగే ఉంది," అన్నాడు.

తీగ మణికట్టులోంచి పైకి వెళ్లింది. తెర మీద గుండె నాళాలు చెట్టు కొమ్మల్లా కనిపించాయి. ఒక పెద్ద కొమ్మ మొదట్లోనే తెగినట్టు మాయమైపోయి ఉంది. పెద్ద డాక్టరు గొణుగుతున్నాడు, ఆమె అరుస్తోంది, చేతులు అందిస్తున్నాయి. అంతలో తెర మీద గీత పిచ్చిపట్టినట్టు అల్లాడింది. బావగారి కళ్లు తేలేశాయి.

"షాక్! అందరూ దూరం జరగండీ!"

ఆ మాట ఆమె అలవాటు మీద అనేసింది. బల్ల మీది శరీరం ఒక్కసారి ఎగిరి పడింది. ఆమె ముఖానికున్న తెర ఆయన ముఖానికి తగిలేంత దగ్గరగా వంగి "బావగారూ" అంది. అది చాలా చిన్నగా వచ్చింది. ఆమెకే వినపడీ వినపడనంత. పిలుద్దామంటే రెండో పిలుపు రాలేదు.

గీత సర్దుకుంది. కుదురుగా నడవడం మొదలుపెట్టింది. బావగారు కళ్లు విప్పి కాసేపు ఆ అద్దాల్లోకి చూశాడు.

"ఏంటి మరదలా," అన్నాడు నీరసంగా, "బ్యాటరీ అయిపోయిందా?"

సూటులో కన్నీళ్లు తుడుచుకునే వీలుండదు. అవి కారి కారి మాస్కులోకి ఇంకిపోయాయి. ఆమె ముక్కు ఎగబీల్చి, "బెలూన్!" అని గది అదిరేలా అరిచింది. పెద్ద డాక్టరు ఇంకా అడగనే లేదు. అయినా అందుకున్నాడు. కొద్దిసేపట్లో మాయమైన కొమ్మ తెర మీద చివరిదాకా నల్లగా, నిండుగా కనిపించింది. స్టెంటు కుదురుకుంది. బావగారి ఛాతీ మీది బరువు దిగిపోయింది.

కింద అక్క ఎల్ బోర్డు బండిలోనే కూర్చుని ఉంది. లోపలికి ఎవరినీ రానివ్వరు. కబురు చెబుదామంటే సూటు విప్పడానికే బోలెడు తతంగం. ఆ కాస్త ఆలస్యం కూడా ఓర్చుకోలేక, సూటు విప్పీ విప్పగానే ఆమె పై అంతస్తు కిటికీ తెరిచి తల బయట పెట్టింది.

"అక్కా! గుండె తెరుచుకుందీ! బావగారు జోకులేస్తున్నారూ!"

బండ్లు నిలిపే చోట చెట్ల మీది పిట్టలు లేచాయి. ఎక్కడెక్కడో తమవాళ్ల కోసం చెదురుమదురుగా కూర్చున్నవాళ్లంతా తలెత్తి చూశారు. ఒకతను ఎవరి బావగారో తెలియకుండానే చప్పట్లు కొట్టాడు. అక్క బండి దిగి, రెండు చేతులూ పైకెత్తి ఊపింది. ఊపుతూ ఊపుతూ బండి మీదికి వాలి ఏడ్చేసింది.

మర్నాడు పరీక్ష ఫలితం వచ్చింది. బావగారికి ఆ అంటురోగం కూడా ఉందట. దగ్గు లేదు, జ్వరం లేదు, అయినా ఉందట. "చూశావా, ఇక్కడికొస్తే అంటుకుంటుందన్నాను కదా!" అని ఆయన మరదలి మీద నెపం వెయ్యబోయాడు. "ఇంత తొందరగా అంటుకోదు, మీరే ఇంటి నుంచి మోసుకొచ్చారు!" అని ఆమె కిటికీ అద్దం అవతల నుంచి వాదించింది. సూట్లలో ఉడికిపోయిన వాళ్లలో ఒక్కరికీ ఏమీ కాలేదు. అక్కకు నాలుగు రోజులు జ్వరం వచ్చి పోయింది. బావగారు విడిగా ఉంచిన గదిలో పడుకుని, మందులిచ్చే సిస్టర్లకు మంచం చివరి కమ్మీని గేరు కర్రగా చూపించి పాఠాలు చెప్పాడు. ఇంటికి పంపే రోజున పెద్ద డాక్టరు ఉప్పు తగ్గించమనీ, సిగరెట్టు ముట్టుకోవద్దనీ, పొద్దున్నే నడవమనీ చెప్పి, చివరిగా "ఇంటికి వెళ్లేటప్పుడు వెనక సీట్లో కూర్చోండి" అన్నాడు.

ఆయన వెనక సీట్లోనే కూర్చున్నాడు. అక్క తోలింది. ఆ తర్వాత వీధులు తెరుచుకున్నాక కూడా ఆవిడే తోలింది, కూరగాయలకి ఆవిడే, మందులకి ఆవిడే. డ్రైవింగు స్కూలు మళ్లీ తెరిచినప్పుడు ఆయన్ని కొన్నాళ్లు ఎండలో తిరగవద్దన్నారు గనక, సాయంత్రం పాఠాలు అక్క మొదలుపెట్టింది. అప్పటికే పూర్తిగా నేర్చుకుని, లైసెన్సు పరీక్ష పాసై, నేర్పేవాళ్ల పక్క సీటులోకి మారింది. ఆవిడ దగ్గరైతే అరుపులుండవని ఆడవాళ్లంతా ఆవిడ దగ్గరికే వస్తున్నారట. ఆవిడ వేలితో ఇటు అంటే ఇటు, అటు అంటే అటు.

మైకు సిస్టరు కూడా సెలవు రోజుల్లో అక్క దగ్గర నేర్చుకోవడం మొదలెట్టింది. గుండె విభాగంలో మంచాలు మళ్లీ నిండాయి, ఇప్పుడు ఎక్కువమంది నొప్పి మొదలైన గంటలోనే వస్తున్నారు, సెలవు దొరకడమే కష్టంగా ఉంది. దొరికిన మొదటి రోజు గడియారాల భర్త, బావగారు వెనక సీట్లో కూర్చున్నారు. మాట్లాడకూడదని ఇద్దరికీ అక్క వేలు చూపించింది. భర్తకు ఆ ఆంక్షతో ఇబ్బందేమీ లేదు. బావగారు మాత్రం రెండు పెదాలూ లోపలికి మడుచుకుని, ముందు సీటు వెనక భాగాన్ని గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. ఆమె బండి తాళం తిప్పింది, క్లచ్చు టక్కున వదిలేసింది. బండి కప్పలా ఒక గెంతు గెంతి ఆగిపోయింది. వెనకాల ఎవరో ఉక్కిరిబిక్కిరిగా నవ్వారు. తీరా చూస్తే భర్త.